సగటు దాచింది, చుక్కలు చూపించాయి
(పదో తరగతి తమ్ముళ్ల కోసం ఒక లెక్కల పాఠం)



వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. జ్ఞాపకాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మేము ఈసారి ఒక పాఠం రాస్తున్నాం. మీ పదో తరగతి పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం అనే అధ్యాయం ఉంది కదా. సగటు, మధ్యగతం, బాహుళకం పరీక్ష కోసం బట్టీ పట్టి, పరీక్ష కాగానే మరచిపోతాం. మేమూ అలాగే మరచిపోయేవాళ్లమే. కానీ ఈ హాస్టల్ వరండాలో జరిగిన ఒక సంగతి వల్ల ఆ అధ్యాయం మాకు జీవితాంతం గుర్తుండిపోయింది. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత అదే పనిని కంప్యూటర్‌తో నాలుగైదు చిన్న వాక్యాల్లో ఎలా చేయాలో చెబుతాం.

సగటు 48

2003 డిసెంబరు. అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయాయి. పదో తరగతిలో మేము 20 మందిమి. లెక్కల్లో రెండు పేపర్లూ కలిపి నూటికి వచ్చిన మార్కులు, హాజరు పట్టీ వరుసలో, ఇవి:

66 24 71 18 33 62 27 74 38 65
21 69 28 81 23 64 31 72 26 67

ఆ వారమే తనిఖీకి ఒక అధికారి వచ్చారు. మా వార్డెన్ గారు లెక్కలకు ఒక ట్యూటర్‌ను ఇవ్వమని అడిగారు. ఆ అధికారి రిజిస్టరు చూసి, "సగటు 48 ఉంది కదండీ, పాస్ మార్కు 35. ఇంకా వెనకబడ్డ హాస్టళ్లున్నాయి, వాళ్లకు ముందు ఇవ్వాలి" అని చెప్పి వెళ్లిపోయారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. సగటు నిజంగానే 48. కానీ మా గదిలో రాత్రిళ్లు లెక్కల పుస్తకం తెరవడానికే భయపడేవాళ్లు ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు. ఆ సంగతి 48 అనే అంకెలో ఎక్కడా కనబడలేదు.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో మాలో ఒకడికి ఆలోచన వచ్చింది. వరండా గచ్చు మీద సుద్దముక్కతో 10, 20, 30 అని 80 దాకా ఒకదాని కింద ఒకటి రాశాడు. కామాటి మామయ్యను అడిగి స్టోరు రూములోంచి గుప్పెడు చింతపిక్కలు తెచ్చాడు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క పిక్క. 24 మార్కులైతే 20 ఎదురుగా ఒక పిక్క, 66 అయితే 60 ఎదురుగా ఒక పిక్క. ఇరవై పిక్కలూ పెట్టేసరికి అందరం నోరు మూసుకుని చూస్తూ ఉండిపోయాం. పైన ఒక గుంపు, కింద ఒక గుంపు. మధ్యలో 40 ఎదురుగా ఒక్క పిక్క లేదు, 50 ఎదురుగా ఒక్క పిక్క లేదు. ఏ 48ని చూసి మేము బాగానే ఉన్నామన్నారో, ఆ 48 దరిదాపుల్లో ఒక్కడూ లేడు!

ఆ పనే కంప్యూటర్‌తో

తర్వాత కొన్నేళ్లకు మాలో కొందరం డిగ్రీలోనూ, ఎంసీఏలోనూ చేరి కంప్యూటర్ నేర్చుకున్నాం. అప్పుడు జే అనే ఒక భాష కంటబడింది. సీ, జావా లాంటి భాషల్లో అంకెలను ఒక్కొక్కటిగా తీసుకుని తిప్పే లూపులు రాస్తాం. జేలో అంకెల వరుస మొత్తాన్ని ఒకే వస్తువుగా పట్టుకుంటాం. ఇలాంటి వాటిని అర్రే భాషలంటారు. ఇందులో ఎక్కువ పనులు గుర్తులతోనే జరుగుతాయి. ఇంగ్లీషు మాటలు పెద్దగా రానవసరం లేదు. మాలాంటి తెలుగు మీడియం వాళ్లకు అదే మొదట నచ్చింది.

ఈ భాషను తయారుచేసిన కెన్నెత్ ఐవర్సన్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన 1920లో కెనడాలోని ఆల్బర్టాలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. ఒకే గది ఉన్న బడిలో చదివాడు. ఆర్థికమాంద్యం రోజుల్లో తొమ్మిదో తరగతితో చదువు ఆపి పొలం పనిలోకి దిగాడు. కలన గణితాన్ని పుస్తకం ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో వాయుసేనలో ఉంటూ ఉత్తరాల ద్వారా నడిచే కోర్సులతో చదువు కొనసాగించాడు. తర్వాత హార్వర్డ్‌లో డాక్టరేట్ పొందాడు. అక్కడ పాఠం చెప్పేటప్పుడు గణితాన్ని క్లుప్తంగా రాయడానికి కొత్త గుర్తులు కల్పించుకున్నాడు. 1962లో 'ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అనే పుస్తకం రాశాడు. ఆ పేరులోని మొదటి అక్షరాలతోనే ఆ భాషకు ఏపీఎల్ అని పేరు వచ్చింది. 1979లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఏపీఎల్‌కు ప్రత్యేకమైన గుర్తులు కావాలి. మామూలు కీబోర్డుతోనే పని జరిగేలా 1990లో రోజర్ హుయ్‌తో కలిసి జే భాషను తెచ్చాడు. ఇది ఉచితంగా దొరుకుతుంది. 2011లో దాని మూల కోడును కూడా అందరికీ తెరిచి ఇచ్చారు. బడి మానేసి పొలానికి వెళ్లినవాడు చేసిన భాష ఇది. ఆ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఒక గమనిక. జేలో పేర్లు ఇంగ్లీషు అక్షరాలతోనే పెట్టాలి. ఇక్కడ మీకు అర్థం కావడానికి 'మార్కులు', 'పదులు' అని తెలుగులో రాస్తున్నాం. కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు వాటి బదులు మీకు నచ్చిన ఇంగ్లీషు పేరు పెట్టుకోండి.

మొదటి మెట్టు: సగటు

మార్కులు =: 66 24 71 18 33 62 27 74 38 65 21 69 28 81 23 64 31 72 26 67

ఇదంతా ఒకే లైనులో కొట్టాలి. =: అంటే ఈ వరుసకు ఈ పేరు పెట్టాం అని. ఇప్పుడు చూడండి:

# మార్కులు
20

+/ మార్కులు
960

# అంటే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు అని. +/ అంటే అంకెల మధ్య ప్లస్ పెట్టి అన్నీ కూడు అని. జేలో భాగారం గుర్తు % . దీన్ని శాతం అనుకోకండి. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే సగటు వస్తుంది:

(+/ % #) మార్కులు
48

మొత్తం, భాగించు, సంఖ్య. పుస్తకంలోని సగటు నిర్వచనమే ఐదారు గుర్తుల్లో ఉంది.

ఇంకో సంగతి. జేలో బాడ్‌మాస్ నియమం లేదు. కుడి నుంచి ఎడమకు లెక్క చేస్తుంది. 2 * 3 + 4 అని కొడితే మన బడి లెక్క ప్రకారం 10 రావాలి, జే మాత్రం ముందు 3 + 4 కూడి 14 అంటుంది. మొదట్లో మేము దీనితో చాలా తప్పులు చేశాం. అనుమానం వస్తే బ్రాకెట్లు పెట్టండి.

రెండో మెట్టు: ఎవరు ఏ పదిలో?

పిక్క పెట్టేముందు 66ను 60ల్లో, 24ను 20ల్లో అనుకున్నాం కదా. అంటే పదితో భాగించి దశాంశ భాగాన్ని వదిలేశాం. ఆ వదిలేసే గుర్తు <. :

పదులు =: <. మార్కులు % 10
పదులు
6 2 7 1 3 6 2 7 3 6 2 6 2 8 2 6 3 7 2 6

ఒక్క వాక్యంతో ఇరవై అంకెలూ ఒకేసారి మారిపోయాయి. లూపు రాయలేదు.

మూడో మెట్టు: లెక్కపెట్టడం

మీ పుస్తకంలో పౌనఃపున్య విభాజన పట్టిక అంటారే, అదే ఇది. ముందు చిన్న ఉదాహరణ:

1 2 3 =/ 2 3 2 1
0 0 0 1
1 0 1 0
0 1 0 0

=/ ఎడమ పక్క ఉన్న ప్రతి అంకెనూ కుడి పక్క ఉన్న ప్రతి అంకెతో పోలుస్తుంది. సమానమైతే 1, కాకపోతే 0. హాజరు పట్టీలో గీతలు పెట్టినట్టే. ఒక్కో అడ్డవరుసను కూడితే ఆ అంకె ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది. 'ఒక్కో అడ్డవరుసకు విడివిడిగా' అని చెప్పడానికి "1 అని రాయాలి. ఇప్పుడు మా మార్కులకు:

లెక్క =: +/"1 (1 2 3 4 5 6 7 8 =/ పదులు)
లెక్క
1 6 3 0 0 6 3 1

ఇక్కడ బ్రాకెట్లు మరవకండి. మరిస్తే "1 లోని 1, దాని పక్కనున్న 1 2 3 వరుసలో కలిసిపోతుంది.

ఈ లెక్కకు ఇంకా చిన్న దారి ఒకటి ఉంది. ~. పదులు అంటే వచ్చిన అంకెలను తలా ఒకసారి చూపిస్తుంది: 6 2 7 1 3 8. #/.~ పదులు అంటే అవి ఒక్కోటి ఎన్నిసార్లు వచ్చాయో చూపిస్తుంది: 6 6 3 1 3 1. చిన్నగా ఉంది కదా అని మేము మొదట దీన్నే వాడాం. బొమ్మ గీస్తే వరండాలో చూసిన ఖాళీ మాయమైంది! ఎందుకంటే ఎవరూ లేని 40లు, 50లు ఈ జాబితాలోకి రానే రావు. లేనివాళ్లను లెక్కపెట్టాలంటే ముందుగా వాళ్లకు చోటు రాసిపెట్టాలి. అందుకే 1 నుంచి 8 దాకా మనమే రాశాం. ఈ పాఠంలో ఒక్క ముక్క గుర్తుంచుకోవాలంటే దీన్నే గుర్తుంచుకోండి. సున్నా కూడా సమాచారమే.

నాలుగో మెట్టు: బొమ్మ

జేలో # కు ఎడమ పక్క కూడా అంకె ఇస్తే 'అన్నిసార్లు రాయి' అనే అర్థం వస్తుంది. 3 # '*' అంటే మూడు చుక్కలు. మన లెక్కలోని ఒక్కో అంకెకు విడివిడిగా చేయమనడానికి "0 చేర్చాలి. పక్కన 10, 20 అని పేర్లు కూడా అంటిద్దాం. ": అంకెలను అక్షరాలుగా మారుస్తుంది. ,. నిలువుగా పేర్చి పక్కపక్కన అతికిస్తుంది.

పట్టీ =: 10 20 30 40 50 60 70 80
(": ,. పట్టీ) ,. ' ' ,. లెక్క #"0 '*'

10 *
20 ******
30 ***
40
50
60 ******
70 ***
80 *

ఇదే మా వరండా, ఇవే మా చింతపిక్కలు. పుస్తకంలో దీన్ని నిలువు కమ్మీలతో సోపాన చిత్రంగా గీయమంటారు. ఇక్కడ పక్కకు పడుకోబెట్టాం, అంతే తేడా. జేలో రంగులతో మంచి గ్రాఫులు గీసే ఏర్పాటు కూడా ఉంది. అయినా ముందు ఈ చుక్కల బొమ్మను సొంతంగా కట్టండి. అప్పుడే గ్రాఫులోని కమ్మీ ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఐదో మెట్టు: కాండం, ఆకులు

చుక్కల బొమ్మలో 21 వచ్చినవాడూ 28 వచ్చినవాడూ ఒకేలా కనిపిస్తారు. అసలు మార్కులు పోకుండా బొమ్మ గీసే పద్ధతి ఒకటుంది. అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ ట్యూకీ 1977లో వచ్చిన తన పుస్తకంతో దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పదుల స్థానం కాండం, ఒకట్ల స్థానం ఆకు. ముందు మార్కులను చిన్న నుంచి పెద్దకు పేర్చాలి, దానికి గుర్తు /:~ . పదితో భాగిస్తే వచ్చే శేషానికి గుర్తు 10 | . ఒకే కాండం ఉన్నవాటిని ఒక పెట్టెలో వేసే గుర్తు </. .

వరుస =: /:~ మార్కులు
(<. వరుస % 10) </. 10 | వరుస

జే ఆరు పెట్టెలు చూపిస్తుంది. ఇక్కడా ఖాళీలు రావు కాబట్టి, వాటికి చోటు వదిలి కాగితం మీద ఇలా రాసుకోవాలి:

1 | 8
2 | 1 3 4 6 7 8
3 | 1 3 8
4 |
5 |
6 | 2 4 5 6 7 9
7 | 1 2 4
8 | 1

దీన్నుంచి మధ్యగతం కూడా తేలిగ్గా వస్తుంది. 20 మందిలో పదో వాడు, పదకొండో వాడు కావాలి. జే సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 9 10 { వరుస అని అడగాలి. 38 62 అని వస్తుంది. వాటి సగటు 50. చూశారా, మధ్యగతం కూడా ఎవరూ లేని చోటే పడింది. సగటు 48, మధ్యగతం 50. రెండూ సరైన లెక్కలే, రెండూ మాలో ఎవరి సంగతీ చెప్పలేదు.

జాగ్రత్తలు

బొమ్మ కూడా మోసం చేయగలదు. తరగతి అంతరం 10 కాక 20 తీసుకుంటే మా లెక్క 1 9 0 9 1 అవుతుంది, ఖాళీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 50 తీసుకుంటే 10 10 అవుతుంది. రెండు సమానమైన కమ్మీలు, ఖాళీ ఎక్కడా లేదు! అందుకే ఒకే బొమ్మ చూసి తీర్పు చెప్పకండి. అంతరం రెండు మూడు రకాలుగా మార్చి చూడండి. ఒక చుక్క అంటే ఎంతో ప్రతి వరుసలోనూ ఒకేలా ఉండాలి. కమ్మీ గీస్తే సున్నా నుంచే మొదలుపెట్టాలి. ఇంకొకటి, బొమ్మ మీద పేర్లు రాయకండి. తక్కువ మార్కులొచ్చినవాణ్ని నలుగురిలో నిలబెట్టడానికి కాదు బొమ్మ.

బొమ్మ కారణం కూడా చెప్పదు. ఆ రాత్రి ఖాళీని చూశాక మేము ఒకరినొకరం అడిగాం. 35 కంటే తక్కువ వచ్చిన తొమ్మిది మందిలో ఆరుగురు పత్తి తీతలకు నెల రోజులు ఇంటి దగ్గరే ఉండిపోయినవాళ్లు. వాళ్లు లేనప్పుడే రెండు అధ్యాయాలు అయిపోయాయి. వాళ్లకు తెలివి తక్కువై కాదు, పాఠం వినలేదు. ఈ సంగతి చింతపిక్కలు చెప్పలేదు. కానీ అడగాలన్న బుద్ధి చింతపిక్కల వల్లే పుట్టింది.

తర్వాత ఏమైంది?

పైగుంపులో పది మంది, కిందిగుంపులో పది మంది. అందుకని జతలుగా కూర్చున్నాం. రోజూ స్టడీ అవర్‌లో ఒక గంట, వదిలిపోయిన రెండు అధ్యాయాలు మొదటినుంచి. ఆ బొమ్మను చార్టు మీద గీసి వార్డెన్ గారికి ఇచ్చాం. తర్వాతి తనిఖీలో ఆయన రిజిస్టరు పక్కన పెట్టి చార్టే ముందు చూపించారు. ఆ అధికారి కాసేపు చూసి, "మధ్యలో ఈ ఖాళీ ఏంటి?" అని అడిగారు. జనవరి చివర్లో ట్యూటర్ వచ్చారు. 2004 మార్చి పబ్లిక్ పరీక్షలో ఆ తొమ్మిది మందిలో ఏడుగురు లెక్కలు పాసయ్యారు. ఒకడు జూన్ సప్లిమెంటరీలో గట్టెక్కాడు.

18 మార్కులొచ్చినవాడు మాత్రం సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగి రాలేదు. ఇంట్లో పని చేసేవాళ్లు లేరని వాళ్ల నాన్న పంపలేదు. బొమ్మలో పైన ఒంటరిగా ఉన్న ఆ ఒక్క చుక్క వాడే. మేము ఖాళీని చూశాం కానీ, ఆ చుక్క ఒంటరిగా ఉందని గమనించలేదు. జతల్లో వాడికి తోడు దొరికింది, కానీ వాళ్లింటికి వెళ్లి మాట్లాడాలని మాకెవరికీ తట్టలేదు. ఐవర్సన్ లాగా పొలం నుంచి మళ్లీ చదువులోకి వచ్చేవాళ్లు ఉంటారు. అందరికీ ఆ అదృష్టం దొరకదు. కాబట్టి బొమ్మ గీసినప్పుడు గుంపులతో పాటు, విడిగా మిగిలిన చుక్కనూ చూడండి.

లెక్కను బొమ్మగా చూపి న్యాయం అడగడం మనతోనే మొదలు కాలేదు. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ అట్లాంటా విశ్వవిద్యాలయం విద్యార్థులతో కలిసి, నల్లజాతి ప్రజల చదువు, భూమి, వృత్తుల లెక్కలను దాదాపు 60 చార్టులుగా చేత్తో గీసి, రంగులు వేసి పంపాడు. 1946లో అంబేడ్కర్ ఉత్తరం రాసింది ఈ డుబాయిస్‌కే. వాళ్ల దగ్గర కంప్యూటర్ లేదు. లెక్కను నలుగురికీ కనబడేలా చేయాలన్న పట్టుదల మాత్రం ఉంది.

మీరు చేయండి

1. 3 0 5 2 #"0 '+' అని కొడితే ఎన్ని వరుసలు వస్తాయి? రెండో వరుసలో ఏముంటుంది? ముందు కాగితం మీద రాసి, తర్వాత సరిచూసుకోండి.

2. 50 50 50 50 50 ఒక జట్టు, 10 30 50 70 90 ఇంకో జట్టు. రెండింటి సగటూ కనుక్కోండి. రెండింటికీ చుక్కల బొమ్మ గీయండి. ట్యూటర్ ఎవరికి ముందు కావాలి?

3. మీ తరగతిలో ఒక నెలలో ఎవరు ఎన్ని రోజులు బడికి రాలేదో, పేర్లు లేకుండా, బొమ్మ గీయండి. విడిగా ఉన్న చుక్క ఏదైనా కనబడితే ఆ సాయంత్రమే వాడి పక్కన కూర్చుని అన్నం తినండి.

కంప్యూటర్ దొరకకపోతే దిగులు పడకండి. వరండా ఉంది, సుద్దముక్క ఉంది, స్టోరు రూములో చింతపిక్కలు ఎప్పుడూ ఉంటాయి.

మీ అన్నలు,
2003–04 పదో తరగతి బ్యాచ్